ఒక బుట్టలో నాలుగు పిల్లులు

కొత్తలంక బజారులో వరహాలమ్మ మ్యాచింగ్ సెంటర్‌కి ఒక నియమం ఉంది. గోడ మీద ఎక్కడా రాసి లేదు గాని ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. చీర పట్టుకొచ్చి దానికి సరిపోయే జాకెట్టు ముక్క అడిగితే వరహాలమ్మ వెంటనే కోసి ఇవ్వదు. గుడ్డ తాను దించి, చీర కొంగు దాని పక్కన పెట్టి, రెండూ చేతికిచ్చి, "మెట్టు మీద నించుని ఎండలో చూసుకు రండమ్మా, అప్పుడు కోస్తాను" అంటుంది. లోపల ట్యూబులైటు కింద అక్కచెల్లెళ్ళలా కలిసిపోయిన రంగులు, మెట్టు మీదికి రాగానే తోడికోడళ్ళలా మొహాలు తిప్పుకోవడం ఆవిడ ఇరవై ఏడేళ్ళుగా చూస్తూనే ఉంది. మబ్బు పట్టిన రోజున "ఎండొచ్చాక రండి" అని బేరం వదులుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. దాన్ని పొగరు అన్నవాళ్ళు కూడా మళ్ళీ అక్కడికే వచ్చేవాళ్ళు.

ఆ కొట్లో ఒక పిల్లి ఉంది. పేరు కాటుక. నాలుగేళ్ళ కిందట వరహాలమ్మ భర్త వీర్రాజు పోయిన నెలలోనే, ఎక్కడిదో ఒక పిల్లి చీర ఫాల్స్ పెట్టెలో ఈని, మిగతా పిల్లల్ని నోట కరుచుకుపోయి, దీన్ని ఒక్కదాన్నీ మరిచిపోయింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బజారులో పురుగు కూడా తిరగదు. వీర్రాజు ఉన్నన్నాళ్ళూ ఆ రెండు గంటలూ కబుర్లతో గడిచిపోయేవి. ఆయన పోయాక గడవడం మానేశాయి. కాటుక వచ్చాక మళ్ళీ గడుస్తున్నాయి. ఆవిడ చెప్పేదంతా అది కళ్ళు సగం మూసుకుని వింటుంది. వీర్రాజు కూడా అలాగే వినేవాడు.

కాటుక అని పేరు పెట్టింది కొట్లో దాని నలుపు చూసి. ట్యూబులైటు కింద అది నిగనిగలాడే నలుపు, కాస్త నీలి ఛాయ కూడా కొట్టేది. అదే కాటుక పొద్దున్నే మెట్టు మీద ఎండలో పడుకుంటే ఆ నలుపు విరిగిపోయి ఇటుక రంగు తేలేది. వీపు మీద ఎక్కడ దాక్కున్నాయో గాని చారలు ఒక్కొక్కటీ బయటపడేవి. సాయంత్రం వోల్టేజి పడిపోయి ట్యూబులైటు మొరాయిస్తే గల్లాపెట్టె మీద, పసుపు వెలుగిచ్చే పాత పచ్చబల్బు వెలిగించేది వరహాలమ్మ. ఆ వెలుగులో కాటుక కాఫీ డికాక్షన్ రంగు. ఇందులో ఆవిడకి వింతేమీ కనపడలేదు. రూబియా జాకెట్టు గుడ్డకి ఉన్న గుణం పిల్లికి ఉంటే తప్పేముంది అనుకునేది.

ఇలా ఉండగా కొత్తలంక పురపాలక సంఘం కమిషనర్ పరబ్రహ్మం గారు మూడు రోజుల శిక్షణకి వెళ్ళి వచ్చారు. ఆయన శిక్షణకి వెళితే ఒట్టి చేతులతో తిరిగి రారు. కిందటేడు చెట్లకి నంబర్లు వెయ్యాలనే ఆలోచనతో వచ్చారు. ఆ నంబరు పలకలు దిగ్గొట్టిన మేకుల ధాటికి బజారులో రెండు చెట్లు ఎండిపోయాయి. నంబర్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఈసారి పిల్లుల్ని తెచ్చారు. ఎక్కడో ఒక ఊళ్ళో పిల్లులన్నిటికీ రిజిస్టరు ఉందట, అందువల్ల ఆ ఊరికి బహుమతిగా డాలు ఇచ్చారట. డాలు అనేసరికి పరబ్రహ్మం గారికి నిద్ర పట్టలేదు.

వారం తిరక్కుండా 'ఇంటికొక మార్జాలం' పథకం అమల్లోకి వచ్చింది. నోటీసు బోర్డు మీద ఇలా అంటించారు: "ప్రతి గృహమునకు లేక దుకాణమునకు ఒక మార్జాలము మాత్రమే అనుమతించబడును. సదరు మార్జాలమును రంగు, చారలు, మచ్చల ఆధారముగా నమోదు చేయవలెను. రంగు వేరైనచో మార్జాలము వేరుగా పరిగణించబడును. అదనపు మార్జాలములు ఆశ్రయ నిలయమునకు తరలించబడును."

ఆశ్రయ నిలయం ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో, పాత ఇటుకబట్టీ ఉన్న చోట కట్టారు. కట్టారంటే బోర్డు కట్టారు, ప్రారంభోత్సవం రాయి పాతారు, చుట్టూ ఇనుపవల బిగించారు. కప్పు రెండో దశలో వస్తుందన్నారు. పాలు మూడో దశలో.

పిల్లుల రంగులు తేల్చడానికి త్రినాథరావుని వేశారు. ఇరవై ఏళ్ళు మురుగుకాలువల విభాగంలో పనిచేసిన మనిషి. ఇప్పుడు మార్జాల వర్ణ నిర్ధారణాధికారి. చెడ్డవాడేమీ కాదు. కాగితంలో ఉన్నది కంటికి కనపడకపోతే కాగితాన్ని అనుమానించకుండా కళ్ళు తుడుచుకునే రకం, అంతే. ప్రతి కొట్టుకీ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు వెళ్ళి చూడాలని ఆయనకి ఉత్తర్వు. దానికి త్రికాల పరిశీలన అని పేరు.

పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చేసరికి కాటుక మెట్టు మీద ఎండ కాగుతోంది. త్రినాథరావు వంగి, చుట్టూ తిరిగి, తోక కట్లు లెక్కపెట్టి రాసుకున్నాడు: ఇటుక రంగు, వీపున చారలు, తోకకి ఏడు కట్లు. మధ్యాహ్నం వచ్చేసరికి కాటుక లోపల లైనింగు గుడ్డ తాను మీద పడుకుంది. నలుపు, చారలు లేవు, నీలి ఛాయ కలదు అని రాసుకున్నాడు. సాయంత్రం వచ్చేసరికి పచ్చబల్బు వెలుగుతోంది. కాఫీ రంగు, చారలు స్పష్టము కాదు అని రాస్తుంటే వరహాలమ్మ ఉండబట్టలేక అడిగింది.

"మీరు పొద్దుట్నించీ చూస్తంది దీన్నే కదండీ బాబూ. మళ్ళీ మళ్ళీ ఏం రాస్తన్నారు?"

"పొద్దున చూసినది ఇటుక రంగు మార్జాలం అమ్మా."

"అదే ఇది."

"అదే అయితే ఇటుక రంగులో ఉండాలి కదమ్మా?" అన్నాడు త్రినాథరావు, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా.

"పేరు పెట్టి పిలవండి. అదే పలుకుద్ది."

"ఫారంలో పేరుకి గడి లేదమ్మా. రంగుకే ఉంది. మనిషి కన్ను పొరపడచ్చు. ఫారం పొరపడదు."

నాలుగో రోజున నోటీసు వచ్చింది. వరహాలమ్మ వద్ద మూడు మార్జాలములు ఉన్నట్లు నిర్ధారణ అయినదని, ఒకటి ఉంచుకొని, తక్కిన రెండూ ఏడు దినములలోగా అప్పగించవలెనని, లేనిచో సిబ్బందియే వచ్చి తీసుకొనిపోవుదురని. వరహాలమ్మ చదివి పకపకా నవ్వింది. రెండోసారి చదివినప్పుడు నవ్వు సగంలో ఆగిపోయింది. ఉన్నది ఒక్కటే కదా, ఆ రెండూ తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు దేన్ని తీసుకుపోతారు? గల్లాపెట్టె మీద నిద్రపోతున్న కాటుకని ఒడిలోకి లాక్కుంది. అది విసుక్కుని మళ్ళీ గల్లాపెట్టె ఎక్కింది.

మర్నాడు ఆఫీసుకి వెళితే అక్కడ గుమాస్తా కనకలింగం ఉన్నాడు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు, ఇంకో రెండు నెలల్లో రిటైరు. ఏ ఉత్తర్వునీ ఇంతవరకూ కాదన్నవాడు కాదు, ఏ ఉత్తర్వుకీ ఇంతవరకూ ఆశ్చర్యపోయినవాడూ కాదు.

"విచారణకి అర్జీ పెట్టుకోండమ్మా. మూడు పిల్లుల్తో సహా హాజరు కావాలి."

"మూడు ఎక్కణ్ణించి తేనండీ?"

"ఉన్నయ్యే తెండమ్మా. కాగితంలో మూడున్నాయి కదా."

విచారణ రోజున వరహాలమ్మ మూతబుట్టలో కాటుకని పెట్టుకుని కమిషనర్ గారి గది ముందుకి వెళ్ళింది. పరబ్రహ్మం గారు ఆవరణలోకి వచ్చి కూర్చున్నారు. వరహాలమ్మ మొదట కాటుకని ఎండలో మెట్టు మీద దింపింది. ఇటుక రంగు, చారలు. ఎత్తుకుపోయి వసారాలో ట్యూబులైటు కింద పెట్టింది. నలుపు. అక్కణ్ణించి బంట్రోతు కూర్చునే మూల బల్బు కిందికి తీసుకెళ్ళింది. కాఫీ రంగు.

త్రినాథరావు పక్కనే నిలబడి మూడుసార్లూ టిక్కు పెట్టాడు. "మూడూ హాజరయ్యాయి సార్. నమోదుతో సరిపోయాయి."

పరబ్రహ్మం గారు మెచ్చుకోలుగా తల పంకించారు. "ఒకే బుట్టలో మూడిటినీ తెచ్చారు. ఏదీ దాచలేదు. ఈ నిజాయితీని ఫైలులో నమోదు చెయ్యవయ్యా."

"అయ్యా, ఇది ఒక్కటేనండీ!" వరహాలమ్మ గొంతు పెరిగింది. "మారింది పిల్లి కాదండి, వెలుగు. మీ చొక్కా కూడా ఇక్కడోలాగుంది, లోపలికెళ్తే ఇంకోలాగుంటది. మా కొట్టుకొచ్చే చిన్నపిల్లలక్కూడా తెలుసండీ ఇది."

పరబ్రహ్మం గారు ఒకసారి తన చొక్కా చూసుకున్నారు. వసారాలోకి వెళ్ళి మళ్ళీ చూసుకున్నారు. అప్పుడు ఆయన మొహంలో, కిందటేడు చెట్లని మొదటిసారి చూసినప్పటి కళ వచ్చింది. వరహాలమ్మ కాటుకని బుట్టలో పెట్టి మూత బిగించింది.

"అంటే లోపం మార్జాలములలో లేదు. వెలుగులో ఉంది," అన్నారాయన. "వెలుగు క్రమశిక్షణ లేకుండా ఎక్కడపడితే అక్కడ, ఎలాపడితే అలా పడుతోంది. మనకి ఒక ప్రామాణిక కాంతి కావాలి."

వెంటనే ప్రామాణిక కాంతి సంఘం వేశారు. సంఘం నాలుగుసార్లు సమావేశమై మూడు వెలుగుల్నీ పరిశీలించింది. ఎండ పనికిరాదని తేల్చింది, సూర్యుడు గంటగంటకీ మారుతున్నందువల్ల, పురపాలక సంఘ పరిధిలోకి రానందువల్ల. ట్యూబులైటు కరెంటు ఉన్నప్పుడే వెలుగుతుంది గనక అదీ పనికిరాదు. పచ్చబల్బు పాతకాలపుది. చివరికి ఊరంతటిలోనూ పదిహేనేళ్ళుగా ఏ మార్పూ లేని వెలుగు ఒక్కటే కనపడింది. అది కమిషనర్ గారి గదిలో, కిటికీకి వేసిన ఆకుపచ్చ పరదా లోంచి వచ్చే వెలుగు. ఆ పరదాని వేసింది ఎవరో, ఉతికింది ఎప్పుడో ఎవరికీ గుర్తు లేదు. పథ్నాలుగో తేదీ నుంచి అదే ప్రామాణిక కాంతి అని ఉత్తర్వు వచ్చింది. "సదరు కాంతిలో నమోదైన రంగుతో సరిపోలని ప్రాణి గాని, వస్తువు గాని నమోదు కానిదిగా భావించి, ఆశ్రయ నిలయమునకు తరలించవలెను" అని చివర ఒక వాక్యం కూడా చేర్చారు. ఆ వాక్యం పరబ్రహ్మం గారు స్వయంగా రాశారు. రాశాక రెండుసార్లు పైకి చదువుకున్నారు.

ఇక చూడాలి కొత్తలంకని. ఊళ్ళో పిల్లులున్న ప్రతివాళ్ళూ బుట్టల్లోనూ, సంచుల్లోనూ, చీర కొంగుల్లోనూ పిల్లుల్ని కట్టుకుని ఆఫీసు ముందు వరస కట్టారు. గీరినవి గీరాయి, పారిపోయినవి పారిపోయాయి. కమిషనర్ గారి బల్ల మీద ఒక్కోదాన్నీ నిలబెట్టి త్రినాథరావు రంగు చెబుతుంటే కనకలింగం రాశాడు. తెల్లపిల్లి ఆనపకాయ రంగులో ఉంది. ఎర్రపిల్లి ముగ్గని మామిడికాయలా ఉంది. కాటుక తడిసిన పాచిలా ఉంది. రిజిస్టరులో వీటన్నిటికీ మాట ఒక్కటే: ఆకుపచ్చ. మూడు రోజుల్లో నాలుగువందల పన్నెండు పిల్లులు, నాలుగువందల పన్నెండూ ఆకుపచ్చ.

కనకలింగం కలం ఆపి, "అయితే సార్, రంగు వేరైతే పిల్లి వేరన్నాం కదండి. ఇప్పుడు రంగు ఒకటే కాబట్టి ఊళ్ళో ఉన్నది ఒకటే పిల్లి అని రాసెయ్యమంటారా?" అని అడిగాడు.

"తొందరపడకు," అన్నారు పరబ్రహ్మం గారు. "దానికి వేరే ఉత్తర్వు కావాలి."

వరహాలమ్మ విషయంలో మాత్రం ఇంకొకటి జరిగింది. పాత నమోదులు మూడూ అలాగే ఉన్నాయి. వాటికి ఈ ఆకుపచ్చ వచ్చి చేరింది. కాటుక నాలుగు పిల్లులయింది.

నమోదు అయ్యాక ఊళ్ళో తనిఖీ మొదలుపెట్టారు. వీధులన్నీ తిరిగినా ఒక్క ఆకుపచ్చ పిల్లి కనపడలేదు. త్రినాథరావు నివేదిక రాశాడు: నమోదైన నాలుగువందల పన్నెండు మార్జాలములూ అదృశ్యమైనవి. అదే సమయమున, నమోదు కాని నాలుగువందల పన్నెండు మార్జాలములు పట్టణములో యథేచ్ఛగా సంచరించుచున్నవి. ఈ రెండు సంఖ్యలూ సమానమగుట కాకతాళీయము.

ఇంత పెద్ద విపత్తుకి ప్రత్యేక దళం కావాల్సి వచ్చింది. పన్నెండు మంది, బోనుల వ్యాను, నాయకుడు త్రినాథరావు. గురువారం పొద్దున పదకొండింటికి ప్రాంతీయ సంచాలకుల వారి చేతుల మీదుగా ఏరివేత ప్రారంభం. అదే రోజున వరహాలమ్మ తన పిల్లుల్ని స్వయంగా తీసుకొచ్చి అప్పగించాలని చివరి నోటీసు వచ్చింది.

దళానికి యూనిఫారాలు కుట్టించాలి. గుడ్డ కోసం త్రినాథరావు వరహాలమ్మ కొట్టుకే వచ్చాడు. ఆ కొట్టు ఎలాగూ తన పరిశీలనలో ఉంది గనక వేరే కొట్టుని కొత్తగా పరిశీలించక్కర్లేదన్నాడు. తల నుంచి కాళ్ళ దాకా ఒకే రంగు ఉండాలి, బెల్లం రంగు. వీర్రాజు ఉన్నప్పుడు తెప్పించిన షర్టింగు తాను ఒకటి అటక మీద ఉంది. చొక్కాలకే సరిపోతుంది. ప్యాంట్లకి వేరే తాను దించింది. ట్యూబులైటు కింద రెండూ ఒకే బెల్లం దిమ్మలోంచి కోసినట్టున్నాయి.

ఆవిడకి ఆ మనిషి మీద ఒళ్ళు మండిపోతోంది. అయినా ఇరవై ఏడేళ్ళ అలవాటు నోరూరుకోనివ్వలేదు.

"మెట్టు మీదికెళ్ళి ఎండలో చూసుకోండి బాబూ."

"ఎండ ప్రామాణిక కాంతి కాదమ్మా. పథ్నాలుగో తేదీ నుంచి ప్రభుత్వం దాన్ని గుర్తించడం లేదు."

"మీరు గుర్తించకపోయినా అది వచ్చి పడతాదండీ. ఒక్కసారి చూడండి. రెండడుగులు."

"ఉత్తర్వు ఉల్లంఘించమంటారా?"

వరహాలమ్మ కత్తెర కింద పెట్టింది. మూడోసారి చెప్పింది. మూడోసారీ వద్దన్నాడు. అప్పుడావిడ బిల్లు వెనక్కి తిప్పి, 'ఎండలో చూసుకోమన్నారు, నేనే వద్దన్నాను' అని రాయించి సంతకం పెట్టించుకుంది. త్రినాథరావు ఎంతో సంతోషంగా పెట్టాడు, ఉత్తర్వు పాటించినట్టు తనకి రుజువు ఉంటుందని. ఆ సాయంత్రమంతా వరహాలమ్మకి మనసు మనసులో లేదు. ఎండ చూపించకుండా ఆవిడ గుడ్డ కొయ్యడం అదే మొదలు. పైగా అది వీర్రాజు తెచ్చిన తాను.

బుధవారం పొద్దున త్రినాథరావుతో సహా పదముగ్గురూ కొత్త యూనిఫారాల్లో కమిషనర్ గారి పరదా ముందు నిలబడి నమోదు చేయించుకున్నారు. గురువారం వచ్చింది. ఆఫీసు ముందు మైదానంలో షామియానా వేశారు, పెద్దలకి మాత్రమే. దళం ఎండలో నిలబడాలి. వరహాలమ్మ బుట్ట పట్టుకుని వ్యాను దగ్గర నిలబడింది. బుట్టలోంచి కాటుక అరుస్తుంటే మూత సందులోంచి వేలు పెట్టింది. అది వేలు నాకి ఊరుకుంది. ఆవిడకి ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడవకూడదని వ్యాను మీద రాసిన అక్షరాలు చదవడం మొదలుపెట్టింది.

సంచాలకుల వారు కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటున్నారు. పరబ్రహ్మం గారు మైకు ముందు నిలబడి తన వాక్యాన్ని చదివారు. "సదరు కాంతిలో నమోదైన రంగుతో సరిపోలని ప్రాణి గాని, వస్తువు గాని నమోదు కానిదిగా భావించి..." బాగా నచ్చిన వాక్యం గనక మళ్ళీ చదివారు. "దళం! ముందుకు!"

వసారా నీడలోంచి పన్నెండు మందీ, వెనక త్రినాథరావూ ఎండలోకి వచ్చారు.

చొక్కాలు బెల్లం రంగులోనే ఉన్నాయి. ప్యాంట్లు వంగపండు రంగుకి తిరిగాయి. మామూలు వంగపండు కాదు, మైదానం అవతలి నుంచి కూడా కనపడే వంగపండు. జనంలో ఒక ముసలావిడ, "పైన ఒకళ్ళు, కింద ఒకళ్ళు ఉన్నట్టున్నారే!" అంది.

సంచాలకుల వారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "ఎవరు వీళ్ళు?"

"మన దళమేనండి," అన్నారు పరబ్రహ్మం గారు.

"రిజిస్టరులో ఏమని ఉంది?"

కనకలింగం రిజిస్టరు తెరిచాడు. "దళం, పదముగ్గురు, తల నుంచి పాదాల దాకా ఒకే రంగు, ప్రామాణిక కాంతిలో నమోదు. అలాంటివాళ్ళు ఇక్కడెవరూ లేరండి. హాజరుపట్టీలో పదముగ్గురికీ గైరుహాజరు వేశాను."

"మరి ఈ నిలబడ్డవాళ్ళు?"

"నమోదు కానివాళ్ళండి."

సంచాలకుల వారికి షామియానా కింద ఉక్కకి తల తిరుగుతోంది. త్వరగా తేల్చేసి వెళ్ళిపోదామని ఉంది. "మీ ఉత్తర్వు మీరే రెండుసార్లు చదివారు కదా. ప్రాణి గాని, వస్తువు గాని అని. తరలించండి మరి."

పరబ్రహ్మం గారు తన వాక్యంలో ఎక్కడైనా సందు ఉందేమోనని వెతుక్కున్నారు. లేదు. అంత గట్టిగా రాశారు.

పన్నెండు మందీ క్రమశిక్షణ గలవాళ్ళు. పొద్దుట్నించీ నేర్పించిన ప్రకారం వ్యాను తలుపు తెరుచుకుని, ఒకరి తర్వాత ఒకరు ఎక్కి కూర్చున్నారు. త్రినాథరావు చివర మిగిలాడు. కనకలింగం దగ్గరికి పరుగెత్తాడు.

"నేనయ్యా! త్రినాథరావుని!"

"త్రినాథరావు గారు ఇవ్వాళ గైరుహాజరండి," అన్నాడు కనకలింగం మర్యాదగా.

"గదిలోకెళ్ళి పరదా ముందు నించుంటాను. అప్పుడు చూడు."

"నమోదు కానివాళ్ళని గదిలోకి పంపకూడదండి."

అప్పుడు త్రినాథరావుకి ఇనుపవల గుర్తొచ్చింది. కప్పు రెండో దశలో ఉన్న సంగతి, దానికి అంచనాలు ఇంకా తయారుకాని సంగతి గుర్తొచ్చాయి. వ్యాను పక్కన బుట్టతో నిలబడ్డ వరహాలమ్మ కనపడింది. ఆవిడ దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"అమ్మా, గుడ్డ మీరే కోశారు. మీరైనా చెప్పండమ్మా, అప్పుడు మీ కొట్లో ఉన్నదీ, ఇప్పుడు ఇక్కడున్నదీ నేనేనని."

వరహాలమ్మ అతని మొహం చూసింది. చెమటా, కన్నీళ్ళూ కలిసి కారుతున్నాయి. పాపం అనిపించింది. పాపం అనిపించినందుకు తన మీద తనకే కోపమూ వచ్చింది.

"చెప్తానండి. నూరుసార్లు చెప్తాను," అంది. బుట్ట మూత తీసి కాటుకని ఎత్తి, ఎండలో అతని మొహం ముందు పట్టుకుంది. ఇటుక రంగు, వీపున చారలు, తోకకి ఏడు కట్లు. "ముందు మీరు దీన్ని చూసి చెప్పండి. ఆ మధ్యాహ్నం తాను మీద పడుకున్నది ఇదేనా, కాదా?"

త్రినాథరావు కాటుక కళ్ళలోకి చూశాడు. ఫారం లేకుండా అతను దాన్ని చూడడం అదే మొదటిసారి. ఎడమ చెవి కొసన చిన్న నొక్కు ఉంది. మూడు పూటలా ఆ నొక్కు ఉంది. గడి లేదు గనక రాసుకోలేదు.

"ఇదేనమ్మా," అన్నాడు. "ఇదొక్కటేనమ్మా."

"గట్టిగా చెప్పండి. మైకులో."

మైకులో చెప్పాడు. మార్జాల వర్ణ నిర్ధారణాధికారి హోదాలో చెబుతున్నానని కూడా అన్నాడు. తర్వాత వరహాలమ్మ మైకు దగ్గరికి వచ్చి, "ఈయన ఆయనేనండి. గుడ్డే ఎండలో చూసుకోలేదు," అని బిల్లు వెనక సంతకం చూపించింది. సంచాలకుల వారు సంతకం చూసి, ఇదేదో కాగితం మీద పెట్టి పంపండని చెప్పి కారెక్కారు. వ్యానులో కూర్చున్న పన్నెండు మందీ ఎక్కిన వరసలోనే దిగి ఇళ్ళకి పోయారు.

మర్నాడు కొత్త ఉత్తర్వు వచ్చింది: "వెలుగు మారినంత మాత్రమున ప్రాణి మారదని సంఘము వారి సుదీర్ఘ పరిశోధనలో వెల్లడి అయినది." ఆ పరిశోధన మీద తర్వాతి శిక్షణలో పరబ్రహ్మం గారు గంటన్నర ఉపన్యసించారట. డాలు కూడా ఇచ్చారట.

అయితే రిజిస్టరు రిజిస్టరే. అందులో ఎక్కినది ఊరికే పోదు. కనకలింగం కొట్టుకి వచ్చి ఒక ఫారం పెట్టాడు. "మీ పేర నాలుగున్నాయమ్మా. ఒకటి ఉంచుకుని మూడు కొట్టెయ్యాలి. ఎలా పోయాయో కారణం రాయాలి. ఊళ్ళో అందరూ తమ ఆకుపచ్చ పిల్లులకి 'చనిపోయినది' అనే రాస్తున్నారు, తేలిక."

"నేను రాయను," అంది వరహాలమ్మ. "నా కాటుక చచ్చిపోయిందని కాగితమ్మీద కూడా రాయను."

"మరి ఉన్న కారణమే రాయండమ్మా. అబద్ధం వద్దు."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ రాసింది. ఉంచుకొన్నది: ఇటుక రంగు. నల్లది ఎలా పోయినది: సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు ట్యూబులైటు ఆపేశాను. కాఫీ రంగుది ఎలా పోయినది: బల్బు ఆపేశాను. ఆకుపచ్చది ఎలా పోయినది: కమిషనర్ గారి పరదా ఉతకడానికి తీసేశారు.

కనకలింగం చదివాడు. ముప్ఫై ఆరేళ్ళలో మొదటిసారి అతని మీసం కదిలినట్టయింది. "కారణాలు సంతృప్తికరంగా ఉన్నాయి," అని రాసి ముద్ర కొట్టి, ఫైలు మూసేశాడు.

మర్నాడు పొద్దున వరహాలమ్మ కొట్టు తెరిచి, అగరొత్తులు వెలిగించి, ట్యూబులైటు స్విచ్ వేసింది. మెట్టు మీద ఎండ కాగుతున్న కాటుక లేచి, ఒళ్ళు విరుచుకుని, గడప దాటి లోపలికొచ్చి, లైనింగు తాను మీద నల్లగా పడుకుంది. ఆ సంగతి వరహాలమ్మ ఎవరికీ చెప్పలేదు.